పుస్తకానికి పెట్టే క్లిప్ లైట్: పెరట్లో దయ్యాల కథలకు వాడి చూశాక

కరెంటు పోయినప్పుడు పనికొస్తుందని కొన్న చార్జింగ్ లైట్ ఇది. రెండు మూడు చలికాలాలుగా మాత్రం దీని అసలు డ్యూటీ మా పెరట్లోనే, సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేదాకా. రాత్రి అన్నం తిన్నాక సపోటా చెట్టు పక్కన నులక మంచం వేసుకుని, దుప్పటి కప్పుకుని దయ్యాల కథలు చదవడం నాకున్న పిచ్చి. మాది నల్లగొండలో పానగల్లు వైపు, చెరువు దగ్గరే కాబట్టి పిట్టలకు కొదవ లేదు.

లైట్‌లో తెలుపు, పసుపు రెండూ ఉన్నాయి. తెలుపు ఇంట్లోకే. బయట పెడితే కాసేపట్లో పేజీ నిండా పురుగులు, వాటి వెనక బల్లి. తెల్ల వెలుగులో నీలం పాలు ఎక్కువ, పురుగులు దానికే ఎగబడతాయి. పసుపు పెట్టి బాగా తగ్గించుకుంటే అక్షరాలు కనబడతాయి, వెలుగు మంచం దాటదు, అవతలంతా చీకటే. కథకు కావాల్సింది అదే, పెరట్లో తిరిగేవాటికి కావాల్సిందీ అదే.

మానుపిల్లి గోడ మీద నడుచుకుంటూ వచ్చి, ఒక్క క్షణం ఆగి నన్ను చూసి, ఈయనతో మనకేం పని అన్నట్టు సపోటా చెట్టెక్కేస్తుంది. పండ్ల కోసం గబ్బిలాలూ వస్తాయి. తెల్ల గుడ్లగూబది మాత్రం వేరే లెక్క. దాని రెక్క అంచు ఈకలకు దువ్వెన పళ్లలాంటి కుచ్చు ఉంటుంది, అందుకే తల మీదుగా పోయినా చప్పుడు వినబడదు. బావి దగ్గర తెల్లచీర కనబడింది అని చదువుతుంటే పక్క నుంచి తెల్లగా ఏదో జారిపోయిందనుకోండి, దుప్పటి తల మీదికి రావాల్సిందే! అరిష్టం, తరిమెయ్యి అంటుంది అమ్మ. ఎలుకల్ని తినేదాన్ని ఎందుకు తరమాలి?

తీతువు అరిస్తే చావు కబురు వస్తుందని మా దగ్గర ఇప్పటికీ అంటారు. అది నేల మీద గుడ్లు పెట్టే పిట్ట, కుక్కో మనిషో దగ్గరికొస్తే అర్ధరాత్రయినా గోల చేస్తుంది. ఇదంతా తెలిసి కూడా, కొరివి దయ్యం కథ మధ్యలో అది అరిస్తే నాకు వెన్నులో చలి పుడుతుంది, ఇంకేం కావాలి. చందమామ పాత బైండుల్లోని బేతాళ కథలు ఈ పనికి రావు, శవం మాట్లాడుతున్నా చివరికి తర్కమే, భయం ఉండదు.

ఇక తిట్లు. క్లిప్ స్ప్రింగ్ తొందరగానే వదులైంది. లావు పుస్తకాన్ని పట్టుకోదు, లైట్ జారి ఒళ్లో పడుతుంది, ఇప్పుడు రబ్బరు బ్యాండే దిక్కు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే వారంటీ దాటిందన్నారు. చార్జింగ్ పిన్ను పాతరకం, ఫోన్ వైరు పట్టదు. చార్జింగ్ మాత్రం, తక్కువ వెలుగులో వాడితే చాలా రాత్రులు వస్తుంది, ఫుల్లుగా పెడితే పెద్ద నవల పూర్తవకముందే గోవిందా.

నేనైతే ఐదుకు మూడున్నర ఇస్తా, ఆ అర కూడా పసుపు వెలుగుకే. ధర తక్కువని తెలుపు ఒక్కటే ఉన్నది తీసుకోకండి, వెలుగు తగ్గించే బటన్ లేకపోతే అసలే వద్దు.