తళతళలాడే పాత రాగి నాణెం కొంటున్నారా? జాగ్రత్త!

1835 నాటి ఈస్టిండియా కంపెనీ కాణీ, అంటే పావు అణా, ఆన్‌లైన్‌లో 1,800 రూపాయలు పెట్టి కొన్నాను. ఫొటో కింద "ఒరిజినల్ మెరుపు" అని రాశారు. ఫొటోలో కొత్త రాగి చెంబులా ఉంది. ఆ మెరుపు చూసే పడిపోయాను.

చేతికొచ్చాక లెన్స్ పెట్టి చూస్తే అనుమానం మొదలైంది. నాణెం మీది సింహాల బొమ్మల కాళ్లు అరిగి నున్నగా అయిపోయాయి, రాగి మాత్రం నిన్న పోతపోసినట్టు గులాబీ రంగులో ఉంది. అంతగా అరిగేదాకా చేతులు మారిన నాణేనికి ఆ రంగు ఎలా మిగులుతుంది? చింతపండుతో చెంబు తోమినప్పుడు పులుపు నల్లటి పొరను కరిగించేస్తుంది కదా, ఇక్కడా ఏదో ఆమ్లంతో అదే పని చేశారు.

వానలు పడ్డ మూడు వారాలకు అక్షరాల సందుల్లో లేత ఆకుపచ్చ చుక్కలు లేచాయి. అగ్గిపుల్లతో గీకితే పొడిలా రాలింది, కింద చిన్న గుంట కనిపించింది. తుడిచి పెడితే నాలుగు రోజుల్లో మళ్ళీ వచ్చింది. అమ్మినాయన్ని అడిగితే "రాగి అన్నాక రంగు మారదా అండీ" అన్నారు. రిటర్న్ గడువు వారమేనట, అది ఎప్పుడో దాటిపోయింది.

రాగి రంగు మారుతుంది, ఆ మాట నిజమే. గాలి తగిలి ఎర్రటి గోధుమ రంగు ఆక్సైడ్ పొర కడుతుంది, గంధకం తగిలితే నల్లబడుతుంది, తేమా బొగ్గుపులుసు వాయువూ కలిస్తే ఏళ్ల మీద పచ్చబడుతుంది. ఆ పొరలు గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడతాయి. గీకితే పొడి రాలదు. నా నాణేనికి పట్టింది వేరు. ఉప్పులోనూ, కొన్ని యాసిడ్లలోనూ ఉండే క్లోరైడ్ రాగిలో మిగిలిపోతే, తేమ తగిలినప్పుడల్లా ఆమ్లం పుట్టి లోపలి రాగిని తింటూ పోతుంది. సేకర్తలు దీన్ని బ్రాంజ్ డిసీజ్ అంటారు. పేరులో కంచు ఉన్నా ఉత్త రాగికీ వస్తుంది.

ఇంకో మాట. నాణెం వచ్చిన మెత్తటి ప్లాస్టిక్ కవరుకు కొత్త రెయిన్‌కోటు వాసన వేసింది. అది పీవీసీ అనే రకం ప్లాస్టిక్. అందులో ఎక్కువ కాలం ఉంచినా రాగి మీద జిగట పచ్చదనం వస్తుంది. అలాంటి కవర్లలో మీ నాణేలు ఉంటే ఈ రోజే తీసేయండి.

దయచేసి డబ్బు పంపేముందు పగటి వెలుగులో తీసిన ఫొటో అడగండి. "దీన్ని ఎప్పుడైనా కడిగారా" అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ముదురు గోధుమ రంగులో, పొడి లేకుండా ఉన్న కాణీ దొరికితే అదే తీసుకోండి, తోమకండి. నాది మిగతా నాణేలకు దూరంగా, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టాను. నిన్న రాత్రి చూస్తే నాణెం మీది దండ బొమ్మ దగ్గర ఇంకో చుక్క లేచింది.