సోలార్ బ్యాటరీ: మూడో వేసవిలో నా మాట

హైదరాబాద్ నాగోల్‌లో మాది సొంతిల్లు. డాబా మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు, కింద హైబ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్లు, బ్యాటరీ, లైన్ కరెంటు మూడింటినీ కలిపి నడిపేది), 5 యూనిట్లు పట్టే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ. పెట్టించాక ఇది మూడో వేసవి. ముందే చెప్పేస్తాను: బిల్లు తగ్గడం ఒక్కటే మీ లెక్క అయితే బ్యాటరీ అక్కర్లేదు, నెట్ మీటరింగ్ చాలు. పగలు మిగిలిన యూనిట్లు లైన్లోకి పోతాయి, రాత్రి వాడుకున్నదాంట్లో ఆ మేరకు తీసేస్తారు. కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయల సబ్సిడీ కూడా ప్యానెళ్ల లెక్క మీదే. మా బ్యాటరీ ఒక్కదానికే లక్ష దాటింది.

అయినా మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను. బ్యాటరీ లేని మామూలు సోలార్, కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా చేస్తారు, చేయాల్సిందే. కానీ మే నెల గాలివానకు కొమ్మ విరిగి తీగల మీద పడితే, తర్వాత ఎంత ఎండ కాసినా ఇంట్లో ఫ్యాను తిరగదు. నాకు ఇంకా ముఖ్యమైనది సాయంత్రం సంగతి. ఎండ తగ్గే వేళకే ఊరంతా లైట్లు, టీవీలు, ఏసీలు వేస్తుంది. మనం పగలు పంపిన యూనిట్లు మీటరు లెక్కలో భద్రంగా ఉంటాయి గానీ, రాత్రి లైన్లో వచ్చేది ఎక్కువగా బొగ్గు కరెంటే. శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల టర్బైన్లు ఆరూ రివర్సిబుల్‌వి, అంటే రెండు వైపులా తిరిగేవి. కరెంటు మిగిలినప్పుడు దిగువ నీటిని జలాశయంలోకి ఎత్తిపోసి, డిమాండ్ పెరిగాక మళ్లీ వదిలేలా కట్టారు. అలాంటివి ఇంకా రావాలి. ఈలోగా సాయంత్రం ఆరు నుంచి పది దాకా మా ఇల్లు లైన్ మీద బరువు వేయట్లేదంటే నాకు చాలా తృప్తిగా ఉంటుంది.

ఇక వాడకం. 5 యూనిట్లని రాసి ఉన్నా చేతికొచ్చేది నాలుగు, ఇంకాస్త. మొత్తం ఖాళీ కానివ్వకూడదు, ఇన్వర్టర్‌లో కొంత పోతుంది. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, టీవీకి అది హాయిగా సరిపోతుంది. టన్నున్నర ఏసీ వేస్తే మూడు, నాలుగు గంటల్లో అయిపోతుంది. అందుకే బోరు మోటారు, వాషింగ్ మెషిన్ మధ్యాహ్నం ఎండలోనే నడుపుతాం. బ్యాటరీలో 30 శాతం ఎప్పుడూ కరెంటు కోతకని ఆపి ఉంచేలా సెట్టింగ్ పెట్టాను. ఇది తప్పకుండా చేసుకోండి.

పెట్టే చోటు దగ్గర రాజీ పడొద్దు. బిగించడానికి వచ్చినవాళ్లు తీగ ఖర్చు తగ్గుతుందని డాబా మీది మెట్ల గదిలో పెడదామన్నారు. వేసవిలో ఆ గది పొయ్యిలా ఉంటుంది. లిథియం సెల్స్‌కు వేడే పెద్ద శత్రువు, 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ కూడా సరిగా ఎక్కదు. నేను పట్టుబట్టి కింద మెట్ల పక్కన, గాలి ఆడే నీడలో పెట్టించాను.

చిరాకు పెట్టేది వానాకాలం. వరసగా ముసురు పడితే బ్యాటరీ నిండదు, యాప్‌లో కనిపించే శాతం నమ్మలేం. 40 అని చూపిస్తూనే ఒక్కసారిగా ఆగిపోయిన రాత్రి ఉంది. ఈ రకం సెల్స్‌లో ఛార్జి తగ్గుతున్నా వోల్టేజీ చాలాసేపు ఒకేలా ఉంటుంది, అందుకే లెక్క తప్పుతుంది. వారానికోసారి లైన్ కరెంటుతోనైనా 100 దాకా నింపితే మళ్లీ దారికొస్తుంది. ఈ ముక్క అమ్మినవాళ్లు చెప్పలేదు, ఫోన్ చేసినా వారం తిప్పారు. ఇన్వర్టర్ ఫ్యాను చప్పుడు కూడా ఉంది, పడకగది గోడకు బిగించనివ్వకండి.

పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలాగా నీళ్లు పోసే పని లేదు. మా వారంటీ పదేళ్లు లేదా 6,000 సైకిళ్లు, ఏది ముందైతే అది. ఒకసారి నిండి ఖాళీ అయితే ఒక సైకిల్. రోజుకొక సైకిల్ వాడినా పదేళ్లకు సుమారు 3,650 అవుతాయి, అంతే. కాబట్టి అరిగిపోతుందని దాచిపెట్టకుండా రోజూ సాయంత్రం వాడండి.