జాగ్రత్త: "ఇంట్లో కూర్చుని ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ" ఫ్లెక్సీ చూసి డబ్బు కట్టకండి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు బీఎస్సీ చేసి ఆక్వా ల్యాబ్‌లోనో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లోనో ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ల కోసం ఈ పోస్టు. "కాలేజీకి వెళ్లక్కర్లేదు, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, యూజీసీ అప్రూవ్డ్, సెంటర్ మాదే" అంటారు కన్సల్టెన్సీ వాళ్లు. ఆ ఒక్క ముక్కలోనే మూడు మోసాలున్నాయి.

మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, సైకాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ సైన్స్ లాంటి కోర్సుల్లో 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ కొత్తవాళ్లను చేర్చుకోవద్దని యూజీసీ చెప్పేసింది. యూనివర్సిటీ ఎంత పేరున్నదైనా సరే. ఇక "యూజీసీ అప్రూవ్డ్" సంగతి. యూనివర్సిటీకి గుర్తింపు ఉండటం వేరు, ఫలానా కోర్సును ఆన్‌లైన్‌లో నడుపుకోవడానికి అనుమతి ఉండటం వేరు. ఈ రెండోది చూసేది యూజీసీలోని డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో, అందరూ డెబ్ అంటారు. మూడోది ఆ సెంటర్. ఫ్రాంచైజీలకు, అంటే యూనివర్సిటీ పేరుతో బయటివాళ్లు నడిపే సెంటర్లకు, యూజీసీ 2020 దూరవిద్య, ఆన్‌లైన్ నిబంధనల్లో చోటే లేదు.

సరే, అనుమతి ఉన్న ఆన్‌లైన్ డిగ్రీనైతే కంపెనీలు ఎలా చూస్తాయి? కాగితం మీద రెగ్యులర్‌తో సమానమేనని 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టంగానే చెప్పింది. మ్యాథ్స్, డేటా సైన్స్‌లకు పెద్దగా పేచీ ఉండదు, చేసిన ప్రాజెక్టు చూపిస్తే చాలు. పేచీ అంతా ల్యాబ్ సబ్జెక్టులతోనే. ఆక్వా ల్యాబ్‌లో ఇంటర్వ్యూ అంటే సర్టిఫికెట్ పక్కన పెట్టి, 50 మి.లీ. చెరువు నీళ్లు, బ్యూరెట్‌లో 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం ముందు పెడతారు. మిథైల్ ఆరెంజ్ వేశాక పసుపు రంగు నారింజకు తిరిగే చుక్క దగ్గర ఆపాలి. 4 మి.లీ. దగ్గర ఆగితే ఆల్కలినిటీ (నీటి క్షారత) 80 పీపీఎం. చెయ్యి అలవాటు లేక నీళ్లు ఎర్రబడేదాకా వదిలి 6 మి.లీ. అని రాస్తే అది 120 అయిపోతుంది, సున్నం వేసి ఆల్కలినిటీ పెంచాల్సిన రైతు వెయ్యకుండా ఊరుకుంటాడు. ఆ తర్వాత పీసీఆర్ (రొయ్యల్లో వైరస్ డీఎన్ఏ ఉందో లేదో చూసే పరీక్ష) ప్రశ్న: "నెగటివ్ కంట్రోల్‌లో బ్యాండ్ వచ్చింది, ఏం చేస్తావు?" నెగటివ్ కంట్రోల్ అంటే శాంపిల్ వెయ్యని గొట్టం, అందులో బ్యాండ్, అంటే డీఎన్ఏ గీత, రాకూడదు. ఎక్కడో కలుషితమైంది, ఆ రన్ మొత్తం పారేసి మళ్లీ పెట్టాలి అని వెంటనే చెప్పలేకపోతే మార్కుల షీటులో ఎంతున్నా లాభం లేదు. వీడియో పాఠాల్లో బ్యూరెట్ తిప్పడం రాదు, అంతే.

డబ్బు కట్టేముందు డెబ్ వెబ్‌సైట్ మీరే తెరవండి. యూనివర్సిటీ పేరు ఒక్కటి కనబడితే ఆగిపోవద్దు: మీరు చేరే సెషన్, కోర్సు పేరు, విధానం మూడూ కలవాలి. దూరవిద్య జాబితా వేరు, ఆన్‌లైన్ జాబితా వేరు. చేరడానికి డెబ్ ఐడీ తప్పనిసరి. ఏబీసీ ఐడీతో (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నంబరు) దాన్ని మీ ఫోన్‌లో మీరే చేసుకోవాలి, ఆ ఓటీపీ కన్సల్టెన్సీ కుర్రాడికి చెప్పకండి. ఫీజు యూనివర్సిటీ పోర్టల్‌లోనే కట్టండి. "మా ఫోన్‌పేకి కొట్టండి, రసీదు తర్వాత ఇస్తాం" అంటే అక్కడే లేచి వచ్చేయండి.

"సింగిల్ సిట్టింగ్ (అన్నేళ్ల పరీక్షలూ ఒక్కసారే), పాత తేదీతో రెగ్యులర్ అని వేయిస్తాం" అనేవాళ్లు ఇంకో రకం. అది దొంగ సర్టిఫికెట్టే. కాస్త పెద్ద కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో నేరుగా యూనివర్సిటీకి రాస్తాయి. ఉద్యోగంలో చేరాక బయటపడితే ఉద్యోగంతో పాటు కేసు కూడా మీ మీదే.

ఒరిజినల్ టీసీ, డిగ్రీ ఎవరి చేతికీ ఇవ్వకండి. డబ్బు వెనక్కి అడిగిన రోజున వాటినే అడ్డం పెట్టుకుంటారు. ఇప్పటికే కట్టేసినవాళ్లు యూపీఐ రిఫరెన్స్ నంబరు, వాట్సాప్ చాట్, ఫ్లెక్సీ ఫొటో దాచుకుని ఆన్‌లైన్ చెల్లింపు మోసమైతే 1930కి, ఫీజు వాపసు గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 1930కి మాత్రం ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, డబ్బు ఇంకా అవతలి ఖాతాలోనే ఉంటే ఆపగలుగుతారు.