లూలియోలో దుప్పటి అద్దె, లెక్సాండ్‌లో రొట్టె: ఐస్ హాకీ కోసం మూడు ఊళ్లు తిరిగాం

మైనస్ 21 డిగ్రీల చలిలో, 68 ఏళ్ల నాన్నను పక్కన పెట్టుకొని, తెరుచుకోని లాడ్జి తలుపు ముందు నలభై నిమిషాలు నిలబడ్డాను. ఇది రాయడానికి మొదటి కారణం అదే. రెండో కారణం లెక్సాండ్ అనే చిన్న ఊళ్లో ఒక పెద్దావిడ నాన్న చేతిలో పెట్టిన రొట్టె. ఇంత తిరిగింది మాత్రం ఐస్ హాకీ కోసం.

మేము స్టాక్‌హోమ్‌లో ఉంటాం. రాజధానిలో ఉంటూ ఆట చూడటానికి వేరే ఊళ్లకు పోవడమేమిటని స్నేహితులు అడిగారు. 2024-25 సీజన్‌లో స్వీడన్ అగ్రశ్రేణి లీగ్ ఎస్‌హెచ్‌ఎల్‌లో ఆడిన 14 జట్లలో స్టాక్‌హోమ్ జట్టు ఒక్కటీ లేదు. 16 సార్లు దేశ విజేతగా నిలిచిన మా ఊరి జట్టు యూర్గోర్డెన్ 2022లోనే కింది లీగ్‌కు పడిపోయింది. ప్రతి జట్టూ మిగిలిన 13 జట్లతో నాలుగేసి సార్లు, మొత్తం 52 మ్యాచ్‌లు ఆడుతుంది. చివరి రెండు స్థానాల్లో మిగిలిన జట్లు మళ్లీ ఒకదానితో ఒకటి తలపడాలి. ఓడిన జట్టు కిందికి పోతుంది. మన క్రికెట్ లీగ్‌లో అట్టడుగున నిలిచిన జట్టు కూడా మరుసటి ఏడాది అక్కడే ఆడుతుంది. ఇక్కడ ఆ భరోసా ఎవరికీ లేదు. పట్టికలో కింద ఉన్న జట్ల మధ్య మ్యాచ్ అయినా జనం ఊపిరి బిగబట్టి చూసేది అందుకే.

డిసెంబరులో గోథెన్‌బర్గ్ వెళ్లాం. రైలు సమయానికి వచ్చింది, గది శుభ్రంగా ఉంది, చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఫ్రోలుండా జట్టు ఆడే స్కాండినావియం 1971లో ప్రారంభమైన పెద్ద అరేనా. పన్నెండు వేల మందికి పైగా పడతారు. తల ఒక్కింటికి 345 క్రోనాలు పెట్టి పై వరుసలో కూర్చుంటే (క్రోనా అప్పట్లో సుమారు 8 రూపాయలు) నాన్నకు బిళ్ల కనిపించనేలేదు. ఆడేది అరచేతిలో ఇమిడిపోయే నల్లటి రబ్బరు బిళ్లతో. అది కర్ర తగలగానే ఎటు పోయిందో కొత్తవాళ్ల కళ్లకు అందదు. నాన్న రెండో విరామంలోనే ఇంటికి పోదామన్నారు. మా పదేళ్ల అబ్బాయి అలిగాడు. పెద్ద అరేనాలో పై వరుస టికెట్ కొనవద్దని గట్టిగా చెబుతాను. కొన్నా బిళ్ల కోసం వెతకకండి, ఆటగాళ్ల భుజాలు ఎటు తిరుగుతున్నాయో చూడండి. బిళ్ల అటే ఉంటుంది.

జనవరిలో లెక్సాండ్. దాలార్నా ప్రాంతంలో, సిల్యాన్ సరస్సు ఒడ్డున, ఎర్ర రంగు చెక్క ఇళ్ల ఊరు. ఊళ్లో ఉండేది ఆరు వేల మంది, అరేనాలో పట్టేది ఏడు వేలకు పైగా. చుట్టుపక్కల పల్లెల జనం కార్లు వేసుకొని వచ్చి దాన్ని నింపుతారు. మన వైపు చిన్న ఊరి తిరునాళ్లకు జనం దిగినట్టే ఉంటుంది. గోల్ వెనక నిలబడి చూసే టికెట్లు నాకూ అబ్బాయికీ కలిపి 270 క్రోనాలు, నాన్నకూ మా ఆవిడకూ కుర్చీలు 580. డప్పులు మొదలయ్యాక అబ్బాయి మూడు పీరియడ్లూ కాలు నిలపలేదు. రింక్ (ఆడే మంచు మైదానం) దగ్గరగా ఉండటంతో, మంచు మీద స్కేటు కోసుకుపోయే శబ్దం, గాజు పలకకు ఆటగాడు గుద్దుకున్నప్పుడు అరేనా అదిరే శబ్దం నాన్న మొదటిసారి విన్నారు. "ఇప్పుడు అర్థమైంది, ఇది కబడ్డీ లాంటిది, ఒంటితో ఆడే ఆట" అన్నారు.

నాన్న శాకాహారి. అరేనాల్లో ఎక్కువగా దొరికేది రొట్టెలో పెట్టిన సాసేజి. గోథెన్‌బర్గ్‌లో కాఫీతో సరిపెట్టుకున్నారు. లెక్సాండ్ అంగట్లో ఉన్న పెద్దావిడకు మాంసం తినరని చెప్పగానే, లోపల తన కోసం తెచ్చుకున్న డబ్బా తీసింది. రై పిండితో చేసిన గుండ్రటి ఎండు రొట్టె, ఆ ఊరి పేరుతోనే దేశమంతా అమ్ముడుపోయేది. దాని మీద వెన్న, చీజ్ పెట్టి ఇచ్చింది. నాన్న హైదరాబాద్‌లో మార్పించి తెచ్చుకున్న 500 క్రోనాల నోటు తీశారు. నోట్లు తీసుకోవడం లేదంది. నేను కార్డు తీస్తే అదీ వద్దంది. ఆ ఎండు రొట్టెను నాన్న కాఫీలో ముంచుకొని, ఇంట్లో రస్కు తిన్నట్టు ఇష్టంగా తిన్నారు. స్వీడన్‌లో హాకీ జట్ల మీద మెజారిటీ ఓటు హక్కు క్లబ్బు సభ్యులదే. 51 శాతం నియమం అంటారు. ఆమె కూడా క్లబ్బు సభ్యురాలినని, మ్యాచ్ రోజుల్లో జీతం లేకుండా వచ్చి పని చేస్తానని చెప్పింది. మా ఇంటికి వచ్చినవాళ్లకు పెట్టుకున్నాను అన్నట్టే ఉంది ఆమె తీరు.

ఫిబ్రవరిలో దేశానికి ఉత్తరాన ఉన్న లూలియో. రాత్రంతా రైలు ప్రయాణం, ఒక్కో బెర్తు 890 క్రోనాలు. ప్రయాణం హాయిగానే సాగింది. రెండు రాత్రులకు 2,380 క్రోనాలని చూసి గది తీసుకున్నాం. అక్కడ మనిషి లేడు. తలుపు తీసే అంకెలు ఫోనుకు వస్తాయన్నారు. వచ్చిన అంకెలకు తలుపు తెరుచుకోలేదు. చలికి నా ఫోను ఆగిపోయింది. మా ఆవిడ ఫోనుతో అరగంట ప్రయత్నిస్తే ఎవరో కొత్త అంకెలు చెప్పారు, క్షమాపణ లేదు. లోపల పరుపుల మీద దుప్పట్లు లేవు, దిండ్లకు గలీబులు లేవు. మనిషికి 125 చొప్పున నలుగురికి 500 అద్దె. వెళ్లేటప్పుడు గది మనమే కడగాలి, లేదా 650 కట్టాలి. మొత్తం 3,530, అంటే దాదాపు 28 వేల రూపాయలు. దుప్పటి వెంట తెచ్చుకోవడం, గది శుభ్రం చేసి వెళ్లడం ఇక్కడి చవక బసల్లో ఉన్న పద్ధతేనని నాకు తెలుసు. దాని మీద కోపం లేదు. ఆ మాట బుకింగ్ అప్పుడు చెప్పకుండా, డబ్బు కట్టాక వచ్చే కాగితం అడుగున రాయడం మోసం. "అన్నవరం సత్రంలో కూడా చాప, దుప్పటి ఇస్తారు కదరా" అని నాన్న ఆ రాత్రి కోటు వేసుకునే పడుకున్నారు. బస ఖరారు చేసే ముందు దుప్పట్లు, శుభ్రత ధరలో ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి.

మర్నాడు ఊరు మా మనసు మార్చింది. గడ్డకట్టిన సముద్రం మీద వేసిన దారిలో నడిచాం. నాన్న ప్రతి పది అడుగులకూ ఆగి కాలితో తట్టి చూశారు. ఊరి పక్కనే ఉన్న గమ్మెల్‌స్టాడ్‌లో పాత రాతి చర్చి చుట్టూ నాలుగు వందలకు పైగా చెక్క ఇళ్లున్నాయి, దూరపు పల్లెల నుంచి ప్రార్థనకు వచ్చేవారు రాత్రికి తలదాచుకోవడానికి కట్టుకున్నవి. 1996లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లూలియో జట్టు అప్పటిదాకా గెలిచిన ఒకే ఒక్క టైటిల్ కూడా 1996దే. సాయంత్రం అరేనాలో మా పక్కన కూర్చున్న ముసలాయన ఆ సంవత్సరం గురించి నాన్నకు చేతులతో చెబుతూనే ఉన్నాడు.

నాన్న మార్చిలో రాజమండ్రి వెళ్లిపోయారు. మే నెలలో ఫైనల్ సిరీస్‌లో బ్రీనెస్‌ను 4-2 మ్యాచ్‌లతో ఓడించి, 29 ఏళ్ల తరువాత లూలియో మళ్లీ విజేత అయింది. ఆ బ్రీనెస్ అంతకు ఏడాది ముందు కింది లీగ్‌లో ఆడిన జట్టు. యూర్గోర్డెన్ కూడా పైకి వచ్చింది కాబట్టి ఇక మా ఊళ్లోనే ఆట చూడవచ్చు. ఫోనులో ఇదంతా చెబితే నాన్న ఆ ముసలాయన ఎంత సంబరపడి ఉంటాడో అన్నారు. తరువాత, లాడ్జి వాళ్లు డబ్బు తిరిగి ఇచ్చారా అని అడిగారు. రెండు ఉత్తరాలు రాశాను, ఇంకా ఇవ్వలేదు.