వల గుండ్ల డై: అచ్చుకు మంచి మార్కులు, పిన్నులకు సున్నా

ఐదు స్టార్లకు మూడు ఇస్తున్నాను. ఆ మూడూ అచ్చుకే. దాంతో పాటు పంపిన పిన్నులకు విడిగా మార్కులు వేయాల్సి వస్తే ఒక్కటి కూడా వేయను.

విసురు వల అంచుకు ఎక్కించే సీసం గుండ్లు ఇంట్లోనే పోసుకునే అల్యూమినియం డై, అంటే అచ్చు, ఇది. రెండు పలకలు, కట్టె పిడులు, ఒక్క పోతకు ఆరు గుండ్లు. గుండు 20 మిల్లీమీటర్ల పొడవు, 10 మిల్లీమీటర్ల లావు, మధ్యలో తాడు దూరే బెజ్జం. ఆ బెజ్జాల కోసం ఒక పట్టీకి ఆరు ఇనుప పిన్నులు దువ్వెన పళ్లలా బిగించి ఉంటాయి. రాజ్‌కోట్ నుంచి పార్సిల్‌లో వచ్చింది, 1,650 రూపాయలు పడింది.

నాది నల్గొండ జిల్లా హాలియాలో మోటర్ వైండింగ్ షాపు. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లొస్తే బోరు మోటర్లు కాలడం తగ్గుతుంది, షాపులో పని పలచబడుతుంది. మా మామ సాగర్ బ్యాక్‌వాటర్‌లో వల విసిరే మనిషి. ఆయన వలకు నాలుగు కిలోల సీసం కావాలి. కొందరు ఇనుప గొలుసు కడతారు, చవక. కానీ తుప్పు పట్టి నైలాన్ దారాన్ని కొరికేస్తుంది. పైగా అంతే సైజు ఇనుముకు సీసం దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు ఉంటుంది కాబట్టి వల చప్పున మునుగుతుంది. అంచు నిదానంగా దిగితే బొచ్చె, రవ్వ చేపలు కింది నుంచి జారిపోతాయి.

ముందు అచ్చు సంగతి. రెండు పలకలు మూసి ట్యూబ్‌లైట్ కేసి పెట్టి చూశాను, ఎక్కడా వెలుతురు గీత కనపడలేదు. ఈ ధరకు ఇంత నీటుగా మిల్లింగ్ చేసి ఇస్తారని అనుకోలేదు. సందు ఉంటే గుండుకు రెండు పక్కలా పల్చటి రెక్కలు వస్తాయి, వాటిని చాకుతో గీకుతూ కూర్చోవాలి. దీంతో ఆ బాధ లేదు. పిడుల స్క్రూలు మాత్రం వేడికి వదులవుతాయి. అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, ఆ స్క్రూల కింద స్ప్రింగ్ వాషర్ వేయాలన్న ఆలోచన తయారు చేసినవాడికి రాలేదు. నేను వేసుకున్నాను, ఐదు రూపాయల పని.

ఇక పిన్నులు. మామూలు ఇనుప కడ్డీ ముక్కలు కోసి పెట్టారు, మొదలు నుంచి కొస దాకా ఒకే లావు. రెండు చిక్కులు. సీసం గడ్డకట్టేటప్పుడు ముడుచుకుని పిన్నును గట్టిగా పట్టేస్తుంది. పిన్ను కొస సన్నగా ఉంటే మెలితిప్పగానే వచ్చేస్తుంది, ఒకే లావుంటే రాదు. బలంగా లాగితే పట్టీ వంగుతుంది, ఆ తర్వాత బెజ్జం నడిమధ్యన పడదు. గుండు ఒక పక్కకే బరువు తూగుతుంది. రెండోది, పిన్ను సన్నది కాబట్టి అచ్చు కంటే ముందే చల్లారిపోతుంది. చల్లటి పిన్నుకు తగిలిన సీసం అక్కడే గడ్డకడుతుంది, బయట నున్నగా కనిపించే గుండుకు లోపల బెజ్జం గోడ సరిగ్గా నిండదు. వెలుతురుకేసి చూస్తే బెజ్జం గోడ ముడతలు ముడతలుగా కనిపిస్తుంది. ఆ ముడతల అంచు తాడును కోస్తుంది.

కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే ‘అందరికీ ఇవే పంపుతున్నాం సార్’ అన్నారు. అది జవాబు ఎట్లవుతుందో నాకర్థం కాలేదు. మిర్యాలగూడలో లేత్ దగ్గర కొస 3, మొదలు 3.5 మిల్లీమీటర్లు ఉండేట్టు కొత్త పిన్నులు తిప్పించాను. ఒక్కోటి 40 రూపాయలు. పోత మొదలుపెట్టే ముందు వాటిని అచ్చుతో పాటే మంట మీద వెచ్చబెడతాను, పోతకూ పోతకూ మధ్య పట్టీ కింద పెట్టను. కిరోసిన్ బుడ్డి పొగకు పెట్టి మసి పట్టిస్తే ఇంకా సులువుగా జారుతాయి. ఇవన్నీ డైతో వచ్చిన ఇంగ్లిష్ కాగితంలో ఒక్క ముక్క కూడా లేవు. ‘హీట్ ద మోల్డ్’ అని మాత్రం ఉంది.

యూట్యూబ్‌లో సీసం పోత అని వెతికితే ఎక్కువగా అమెరికా వాళ్లు తుపాకీ గుండ్లు పోసే వీడియోలే వస్తాయి. మన దగ్గర లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే 1959 ఆయుధ చట్టం కింద జైలే. అచ్చు కొన్నానని చెబితే షాపుకు వచ్చే పిలగాడొకడు అదే అడిగాడు, పంపించేశాను.

సీసం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో కూడా కంపెనీ వాళ్లు చెప్పరు కాబట్టి నేను చెబుతాను. పాత టెలిఫోన్ కేబుళ్ల మీది సీసం తొడుగు అన్నిటికన్నా మంచిది, మెత్తగా ఉంటుంది. తుక్కు కొట్టులో నాకు కిలో 170కి దొరికింది. మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్సుల అక్షరాలు కూడా అక్కడే ఉన్నాయి. వాటిలో టిన్, యాంటిమొని కలిసి ఉంటాయి, కరిగిస్తే అచ్చులోకి చక్కగా పారుతుంది, గుండు అద్దంలా వస్తుంది. అదే మా మామకు నచ్చలేదు. “మెరుస్తే ఏం జేసుకుంట అల్లుడా, సుత్తితోని ఒక్కటేస్తే తాడుకు కరుసుకోవాలె” అన్నాడు. నిజమే, గుండు పక్కకు జరగకుండా దాన్ని తాడుకు నొక్కేస్తారు. గట్టిదైతే నొక్కుకోదు, పగులుతుంది. టైర్ల షాపుల్లో చక్రం తూకం సరిచేయడానికి పెట్టే సీసం బ్యాలెన్సింగ్ ముక్కల్లో ఇప్పుడు జింకువి కూడా కలుస్తున్నాయి. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, జింకు 420 దగ్గర. మంట తక్కువ పెడితే జింకు పైకి తేలుతుంది, తీసి పారేయొచ్చు. ఎక్కువైతే కలిసిపోయి మొత్తం చెడుతుంది. బ్యాటరీ ప్లేట్ల జోలికి మాత్రం అస్సలు పోవద్దు. యాసిడ్ పట్టిన ఆ బూడిద నుంచి వచ్చే పొగ ఇంకా చెడ్డది.

పొగంటే గుర్తొచ్చింది, డబ్బా మీద హెచ్చరిక ఒక్కటీ లేదు. ఈ విషయంలోనే నాకు బాగా కోపం. కరిగిన సీసం పైపొర పసుపు, ఊదా రంగులకు తిరిగిందంటే వేడి ఎక్కువైనట్టు, మంట తగ్గించాలి. దానికన్నా ఎక్కువ ప్రమాదం పైన తేలే చిట్టెంతో. బూడిదలా ఉంటుంది, ఊదితే ఇల్లంతా పరుచుకుంటుంది. మా జిల్లా మర్రిగూడ వైపు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగినవాళ్లను చూస్తూ పెరిగిన మాకు, ఒంట్లోకి మెల్లగా పోయే విషం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. సీసం కూడా ఎముకల్లోనే చేరుతుంది, పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంతవరకే పర్వాలేదు అని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. నేను షాపు వెనక ఖాళీ స్థలంలో, గాలి నా వెనక నుంచి వీచేట్టు కూర్చుని పోస్తాను. మూకుడు, గరిటె దానికే విడిగా ఉన్నాయి. ఆ బట్టలు ఇంట్లోవాటితో కలిపి ఉతకను. పని అయి చేతులు సబ్బుతో కడిగేదాకా టీ కూడా తాగను.

వానాకాలం ఈ పని పెట్టుకోకండి. తడి సీసం ముక్క కరిగినదాంట్లో పడితే అందులోని చుక్క నీరు ఆవిరై 1,600 రెట్లకు పైగా ఉబ్బుతుంది, సీసం మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, తోలు చేతి తొడుగులు డైతో పాటు రావు, కొనుక్కోవాలి. ఆ ఖర్చు కూడా లెక్కేసుకోండి.

బ్రిటన్‌లో హంసలు మింగి చస్తున్నాయని 1987లో గాలాలకు కట్టే చిన్న సీసం గుండ్లను నిషేధించారు. మన నీళ్లల్లో ఎంత సీసం పడి ఉందో ఎవరు లెక్క పెట్టారు! మా మామ వల చిక్కుకుంటే కోసి వదిలేయడు, నీళ్లలోకి దిగి విడిపిస్తాడు. దానికి కారణం హంసలు కాదు, గుండ్ల ఖరీదు.

లెక్క చెప్పాలంటే, గుండు 15 గ్రాములు తూగుతుంది, నాలుగు కిలోలకు 260 దాకా వస్తాయి. వెలితి వాటిని మళ్లీ మూకుడులో వేయొచ్చు, వృథా లేదు. ఒక్క వల కోసమైతే డై, పిన్నులు, చేతి తొడుగులు కలిపితే రెడీమేడ్ గుండ్లే చవక. నలుగురైదుగురు కలిసి కొనుక్కుంటే గిట్టుబాటు. నా డై ఇప్పటికే సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున ఉండే వైజాగ్ కాలనీ వైపు అరువు పోయి వచ్చింది.

ఇదే కంపెనీ దగ్గర 8 మిల్లీమీటర్ల సైజు కూడా ఉంది, పిల్ల వలలకు బాగుంటుంది. పిన్నులు తీసేసి ఓ రెండొందలు తగ్గిస్తే అది కూడా తీసుకుంటాను.