కోనీ ఐలాండ్ పెయింటింగ్ ప్రింటు కొనేవాళ్లూ, జాగ్రత్త

అమెరికన్ చిత్రకారుడు జోసెఫ్ స్టెల్లా 1913–14లో వేసిన 'బ్యాటిల్ ఆఫ్ లైట్స్, కోనీ ఐలాండ్, మార్డి గ్రా' ప్రింటు ఆన్‌లైన్‌లో కొనేముందు సైజు చూడండి. మోసం ఎక్కువగా అక్కడే జరుగుతోంది.

యేల్ యూనివర్సిటీ ఆర్ట్ గ్యాలరీలో ఉన్న అసలు బొమ్మ సుమారు 195 సెం.మీ. ఎత్తు, 215 సెం.మీ. వెడల్పు. దాదాపు చదరం. రెడీమేడ్ ఫ్రేములో పట్టాలని దాన్ని 36×24 అంగుళాలకు కత్తిరించి అమ్ముతున్నారు. 36 వెడల్పుకి ఎత్తు 33 దాకా ఉండాలి కదా! పావు వంతుకు పైగా బొమ్మ గల్లంతు. పైన లూనా పార్కు (న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లోని వినోద పార్కు) టవరు, కింద జనం, రెండింటికీ కోతే. 24 వెడల్పుకి 22 ఎత్తు అడగండి. కాన్వాస్‌ను చెక్క ఫ్రేముకి చుట్టి ఇస్తామంటే, పక్కలకు మడిచే అంగుళంన్నర బొమ్మలోంచి తీస్తారా, విడిగా కలుపుతారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

స్టెల్లాదే 1914 నాటి గుండ్రటి 'కోనీ ఐలాండ్' న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అది వేరే బొమ్మ. ఒకదాని ఫొటో పెట్టి రెండోదాని పేరు రాసే లిస్టింగులున్నాయి.

ఇక ప్రింటు నాణ్యత. ఈ బొమ్మంతా సన్న సన్న రంగు ముక్కలు. చిన్న ఫైలును సాగదీసి వేస్తే అవన్నీ అలికేసినట్టు కలిసిపోతాయి. 24 అంగుళాలకు అడ్డంగా 7200 పిక్సెళ్లుంటే బాగుంటుంది, 3600కి తగ్గితే వద్దు. పిక్సెళ్ల లెక్క కూడా పెంచి చూపించొచ్చు కాబట్టి, జనం ఉన్న చోట ప్రింటులో రెండంగుళాలు వచ్చే ముక్కను కుదించకుండా, ఫైల్లో ఉన్న పిక్సెళ్లతోనే పంపమనండి. ఫోన్లో చూసినా తేలిపోతుంది.

"చేత్తో వేసిన ఆయిల్ పెయింటింగ్" అంటూ వచ్చేది చాలాసార్లు ప్రింటు మీద పూసిన పారదర్శక జెల్లే. పక్కనుంచి టార్చి వేయండి: కుంచె గీతలు ఒక దారి, రంగుల అంచులు ఒక దారి అయితే అనుమానం ఖాయం. 10 రెట్ల భూతద్దంలో సిరా చుక్కలు కనిపిస్తే ఇక వాదనే అక్కర్లేదు.

"ఆర్టిస్టు సంతకంతో లిమిటెడ్ ఎడిషన్" అని ఇంక్‌జెట్ ప్రింటు అమ్మేవాళ్లూ ఉన్నారు. స్టెల్లా పోయింది 1946లో!

పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. స్కేలు ఆనించి కొలతలూ, భూతద్దంలోంచి ఒక ఫొటోనూ అదే రోజు పంపితే రిఫండ్‌కి పనికొస్తాయి.