ట్రిపుల్ ఐటీ పద్ధతా, ఎంసెట్ పద్ధతా: సర్కారు బడి పిల్లలకు ఏది మేలు?

బీటెక్ సీటు కోసం మన పిల్లల ముందు రెండు దారులున్నాయి. పదో తరగతి కాగానే ఆ మార్కులతో ట్రిపుల్ ఐటీలో చేరొచ్చు. లేదంటే ఇంటర్ చదివి ఎంసెట్ రాయాలి, ఇప్పుడు దాన్నే ఈఏపీసెట్ అంటున్నారు. జిల్లా పరిషత్ బడిలో చదివిన పిల్లకు ఈ రెండింటిలో ఎక్కడ న్యాయం జరుగుతుంది?

ముందు ఎంసెట్ సంగతి. మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు నిమిషం పైన కొద్ది సెకన్లు. విషయం తెలిసినంత మాత్రాన సరిపోదు, చూడగానే జవాబు పెట్టే వేగం కావాలి. ఆ వేగం ప్రాక్టీస్‌తోనే వస్తుంది, ప్రాక్టీస్ పెట్టించేది కోచింగ్. కార్పొరేట్ కాలేజీలో పిల్లాడికి వారం వారం పరీక్షలుంటాయి. ఊరి దగ్గరి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సిలబస్ పూర్తయితే అదే పదివేలు. ఇద్దరికీ పేపర్ ఒకటే అయినా ఆ పేపర్ దాకా వచ్చిన దారి ఒకటి కాదు.

ఎంసెట్ వైపు ఒక బలమైన మాట ఉంది, దాన్ని తీసిపారేయలేం. జవాబులు దిద్దేది కంప్యూటర్, అక్కడ ఎవరి సిఫారసూ పనిచేయదు. అయినా 2016లో తెలంగాణలో మెడికల్ ఎంసెట్ పేపర్ లీకై, పరీక్ష రద్దు చేసి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇస్తే సరిపోతుందనేవాళ్లున్నారు. తెలంగాణ దాన్ని 2023లో తీసేసింది. నా దృష్టిలో దాన్ని ఉంచినా పెద్ద తేడా రాదు, ఎందుకంటే ఇంటర్‌లో 980 దాటే మార్కులు కూడా ఎక్కువగా ఆ కార్పొరేట్ కాలేజీలకే వస్తాయి.

ఇక ట్రిపుల్ ఐటీ. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ఆర్జీయూకేటీ (రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్) పేరుతో మొదలైంది. ఎంట్రన్స్ లేదు, ఆరేళ్ల చదువు. కోవిడ్ వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొంతకాలం ప్రవేశ పరీక్ష పెట్టి, తర్వాత మళ్లీ మార్కులకే వచ్చారు. అన్నిటికన్నా ముఖ్యమైంది డిప్రివేషన్ స్కోర్, అంటే వసతులు తక్కువున్న పిల్లలకు అదనంగా కలిపే స్కోరు. గ్రేడ్లున్న రోజుల్లో ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో హాస్టల్ లేకుండా చదివిన పిల్లల జీపీఏకి 0.4 కలిపేవాళ్లు. చూడ్డానికి చిన్న అంకె. కానీ ప్రైవేటు బడిలో పదికి పది తెచ్చుకున్నవాళ్లు ఎంతమంది ఉన్నా అక్కడితో ఆగిపోతారు. జడ్పీ బడిలో 9.7 వచ్చిన పిల్ల 10.1తో వాళ్లందరినీ దాటేస్తుంది. కరెంటు, పుస్తకాలు, ఇంటిపని అన్నిటితో పెనుగులాడి తెచ్చుకున్న 9.7కి విలువ కట్టిన పద్ధతి అది.

"మరి అలా చేరినవాళ్లు నెగ్గుకురాగలరా?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఆ ఆరేళ్లలోనే ఉంది. మొదటి రెండేళ్లు పీయూసీ, ఇంటర్‌తో సమానం. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల ఇంగ్లిష్ పాఠాలకు అలవాటు పడడానికి, లెక్కల్లో వెనకబడింది పూడ్చుకోవడానికి క్యాంపస్‌లోనే టైం దొరుకుతుంది. ఎంసెట్‌తో సీటొస్తే ఆ పిల్ల నేరుగా బీటెక్ క్లాసులో కూర్చోవాలి. సీటు ఇవ్వడంతో పాటు నిలదొక్కుకునే వ్యవధి కూడా ఇస్తోంది కాబట్టే నా ఓటు ట్రిపుల్ ఐటీకి.

లోపాలు లేవని కాదు. తెలంగాణలో పదో తరగతికి బడే వేసే 20 ఇంటర్నల్ మార్కులు ఉంటూ వచ్చాయి, వాటిని ఉదారంగా పంచే బడులకు అది వరం. అందరికీ ఒకే మార్కులొస్తే లెక్కలు, సైన్స్ చూసి, చివరికి పుట్టిన తేదీ దాకా వెళ్లాలి. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో దొర్లిన తప్పులు చూశాక బోర్డు మార్కులను కళ్లు మూసుకుని నమ్మమని ఏ తల్లిదండ్రులకూ చెప్పలేం. నాకు ఎక్కువ బాధ కలిగించేది గురుకులాల సంగతి. అక్కడ చదివేది కూడా కూలీల పిల్లలే, కానీ హాస్టల్ ఉందన్న కారణంతో వాళ్లకు ఆ 0.4 దక్కలేదు. బడిలో తిండి దొరికితే ఇంట్లో పేదరికం పోయినట్టా? వాళ్లకూ కొంత కలపాల్సిందే. పదో తరగతి ఒక్కదానికే సర్కారు బడికి మారేవాళ్లను ఆపాలంటే తమిళనాడు నిబంధన బాగుంటుంది. అక్కడ ప్రభుత్వ బడి కోటా కావాలంటే ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ప్రభుత్వ బడిలోనే చదివి ఉండాలి.

ఆ కోటా 7.5 శాతం. 2020లో మెడికల్ సీట్లతో మొదలుపెట్టి 2021లో ఇంజినీరింగ్‌కీ తెచ్చారు. మన ట్రిపుల్ ఐటీలు అంతకు ఎన్నో ఏళ్ల ముందే సర్కారు బడి పిల్లలకు స్కోరు కలిపాయి. ఎంసెట్ ర్యాంకులో మాత్రం ప్రభుత్వ జూనియర్ కాలేజీ విద్యార్థికి అలాంటిదేమీ లేదు. వేల సీట్లు నింపేది ఆ ర్యాంకే కాబట్టి ముందు మార్చాల్సింది అక్కడే.